గొడుగుకు కట్టిన పురికొస

డబ్బిచ్చి బస్సెక్కి వరద చూడ్డానికి వెళ్ళే జనం మా గుంటూరులో తప్ప ఇంకెక్కడా ఉండరనుకుంటాను. ఆ జనంలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. కృష్ణ పొంగిందనీ, అమరావతిలో నీళ్ళు మెట్లన్నీ ఎక్కి వచ్చాయనీ శుక్రవారం సాయంత్రం బ్రాడీపేటలో కబురు పొక్కింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వానల వల్ల శనివారం సెలవన్నారు. ఇంట్లో కూర్చుంటే కారే పెంకుల కింద గిన్నెలు మార్చే పని పడుతుంది. అందుకని నేనూ వరద చూడ్డానికి బయలుదేరాను.

ఉదయం ఏడూ పదికి బస్సు. ఎక్కినవాళ్ళని చూస్తే పెళ్ళికి తరలినట్టున్నారు. ప్రతి కుటుంబానికీ ఒక క్యారియరు, అందులో పులిహోర. ఒకాయన మెడలో కెమెరా ఉంది. ఫిల్ము ఉందా అని అడిగితే, "దొరకలేదండీ, అయినా తెచ్చాను" అన్నాడు. లాం దగ్గర కొండవీటి వాగు వంతెన అంచును తాకుతూ పారుతోంది. సాయంత్రం తిరిగి రాగలమా అని కండక్టరును అడిగాను. "ఏం కాదండీ, ఇట్టాంటివి ఎన్ని చూశాం" అన్నాడు. ఈ జిల్లాలో ఎవరిని ఏది అడిగినా ఇట్టాంటివి ఎన్నో చూసే ఉంటారు.

తొమ్మిదింటికి అమరావతి చేరాం. వరద నిజంగానే పెద్దది. ఎర్రటి నీళ్ళు అవతలి ఒడ్డు ఎక్కడుందో తెలియకుండా పరుచుకుని ఉరుకుతున్నాయి. కానీ ఆ నీళ్ళను చూస్తున్నవాళ్ళు తక్కువ. మగవాళ్ళంతా మెట్లు లెక్కపెడుతున్నారు. "మా చిన్నతనంలో వచ్చింది ఇంకా రెండు మెట్లు ఎక్కింది" అని ఒకడంటే, "రెండు కాదు నాలుగు" అని ఇంకొకడు. కళ్ళెదుట ఉన్న వరద ఎవరికీ ఆనలేదు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లి దండం పెట్టుకుంటున్నారు. వాళ్ళే నయం, కనీసం నది వైపు తిరిగి నిలబడ్డారు.

హోటల్లో భోజనం పన్నెండణాలు. నయాపైసలు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ హోటలాయన అణాల్లోనే చెబుతాడు, మనం పైసల్లో ఇస్తే చిల్లర దగ్గర తప్పుతాడు, ఆ తప్పు ఎప్పుడూ ఆయన వైపే ఒరుగుతుంది. పప్పు చూస్తే వరద వంటింట్లోకి కూడా వచ్చినట్టుంది. నాలుగింటికి బస్సు కోసం వెళితే, లాం దగ్గర వాగు రోడ్డెక్కిందని చెప్పారు. ఇట్టాంటివి ఎన్నో చూసిన కండక్టరు సత్రం అరుగు మీద అప్పటికే పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఆ రాత్రి నేనూ అదే సత్రంలో పడుకున్నాను. చాప అద్దె పావలా. చాప కంటే నేల మెత్తగా ఉంది.

ఆదివారం తొమ్మిదింటికి రేవులో ఒక పడవ సీతానగరం వెళుతుందని తెలిసింది. అక్కడి నుంచి కృష్ణా కెనాల్ స్టేషనుకు నడిచి వెళ్ళి నాలుగింటి పాసింజరు పట్టుకుంటే ఆరింటికల్లా గుంటూరు చేరవచ్చు. సోమవారం స్కూలుకు వెళ్ళకపోతే హెడ్మాస్టరు ముందు నిలబడి వరద చూడ్డానికి వెళ్ళానని చెప్పుకోవాలి. ఆ సిగ్గు కంటే నదే నయమనిపించింది.

పడవ మామూలుగా మిరపకాయల బస్తాలు మోసేది. బస్తాలు దింపినా ఘాటు దిగలేదు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే తుమ్మడం మొదలుపెట్టారు. పడవ నడిపే సరంగు నల్లగా, పొట్టిగా ఉన్నాడు. "ఇరవై మందికి మించి ఒక్కణ్ణి కూడా ఎక్కించను" అని గట్టిగా అరిచి, ముప్పై మందిని ఎక్కించాడు. మనిషికి రెండు రూపాయలు. మామూలు రోజుల్లో అందులో సగం కూడా ఉండదట. గూడు కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. మగవాళ్ళం బయట, తుంపరలో. పదీ నలభైకి పడవ కదిలింది.

కదిలిన పావుగంటకే నడినది గాలి నా గొడుగును వెనక్కి తిప్పేసి రెండు ఊచలు విరగ్గొట్టింది. నా పక్కన అరండల్‌పేట పొగాకు బ్రోకరు ఒకాయన కూర్చున్నాడు. "చూశారా మాస్టారూ, గొడుక్కే దిక్కులేదు, ఇంక మనమెంత!" అన్నాడు. ఆయన బయలుదేరింది మొదలు ఏ సుడి కనపడినా అందులో మేమందరం ఎలా మునుగుతామో వివరిస్తున్నాడు. మాటల మధ్యలో పులిహోర తింటున్నాడు. చావు ఖాయమనుకున్నవాడు అంత శ్రద్ధగా కరివేపాకు ఏరడు.

పడవ వెనక భాగంలో యాభై అయిదేళ్ళ సాయిబు ఒకడు చెమ్మ గోనెపట్టాలు కప్పిన సామానును కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. రెండు పొడవైన అరటి బోదెలను పక్కపక్కన చేర్చి, మూడు చోట్ల పురికొసతో కట్టి, పైన అరటి దొప్పలు పరిచి, వాటిలో పచ్చటి మొక్కల కట్టలు పేర్చాడు. ఒక్కొక్క కట్టే తీసి, మొక్కల తలలు గోటితో తుంచి నదిలోకి విసురుతున్నాడు. అంత ఓపికగా సొంత సొమ్మును పాడుచేసుకునేవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఊరుకోలేక అడిగాను.

"ఏం సాయిబూ, ఈ ఆకుకూర ఎక్కడికి?"

"ఆకుకూర కాదు మాస్టారూ, మిరప నారు. అమరావతిలో మా చెల్లెలి మళ్ళోది. మాది వెంకటపాలెం."

"తలలన్నీ తుంచేస్తున్నావు. ఇంక బతికేదేముంది?"

అతను నవ్వాడు. "తలుంటే నీళ్ళడుగుద్ది మాస్టారూ. పీకి ఒక రోజయింది, వేరుకే నీళ్ళు లేవు. తల తీసి నాటితే నాలుగో రోజుకి పక్కన చిగురేసుద్ది."

పేరు నాగూర్ సాయిబు. మొదట నాటిన మొక్క చేలో నీళ్ళు నిలిచి కుళ్ళిపోయిందట. చేను మెరక మీద ఉండడంతో నీళ్ళు ఇప్పుడు దిగాయి. చుట్టుపక్కల ఊళ్ళలో నారుమళ్ళన్నీ మునిగాయి కాబట్టి ఈ నలభై కట్టలూ తప్పితే ఈ ఏడు నారు దొరకదు. ఈ సాయంత్రం నాటితే ఎకరన్నర మిరప చేను ఉంటుంది. రేపటికి నారు వడిలిపోతుంది, చేను బీడు పడుతుంది. ఇదంతా అతను పక్కింటివాళ్ళ కథ చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. ముందే జాగ్రత్తపడి చేలో కాలువ తీసుకుని ఉంటే ఈ తిప్పలుండేవా అని నేను సలహా ఇచ్చాను. జరిగిపోయిన వాటికి సలహాలివ్వడం నా వృత్తిలో భాగం. అతను "అవును మాస్టారూ" అని ఇంకో కట్ట తీశాడు.

పన్నెండున్నరకు రాయపూడి దాటాం. నాగూర్ సాయిబు నారు మీద గోనెపట్టా సర్ది, నదిలో చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుని, పడమర తిరిగి కూర్చుని నమాజు మొదలుపెట్టాడు. పడవ తూర్పుకు పోతోంది, అతని ముఖం మేము వచ్చిన వైపు ఉంది. తుంపర జోరందుకుంది. నా గొడుగు ఊచలు చిలకకొయ్యకు వేలాడదీసిన చొక్కాలా ఊగుతున్నాయి. వాటిని కర్రకు బిగించడానికి తాడు ముక్క ఏదైనా దొరుకుతుందా అని చూస్తే, గోనెపట్టా కింది నుంచి పురికొస కొస ఒకటి వేలాడుతూ కనిపించింది. లాగాను. ముడి ఊడి రెండు బారల తాడు చేతికొచ్చింది. బోదెలకు మధ్యలో కట్టిన కట్టు అది.

ఆ తాడు చేతిలో పెట్టుకుని నేను లెక్క వేశాను. అబద్ధం చెప్పను, నిజంగానే వేశాను. రెండు దుంగలు కదలకుండా ఉండాలంటే అటొక కట్టు, ఇటొక కట్టు చాలు. మూడోది పల్లెటూరి అతిజాగ్రత్త. పైగా వెంకటపాలెంలో పడవ ఆగితే దాన్ని దింపి భుజాన పెట్టుకుంటాడు, అంతే కదా. గొడుగు ఊచలను బిగించి కట్టాను. చాలా బాగా కుదిరింది. అతను నమాజు పూర్తిచేసి ఇటు తిరిగేసరికి నేను గొడుగు కింద హాయిగా కూర్చుని ఉన్నాను. అడగాల్సిందేమో అని ఒక్క క్షణం అనిపించింది. తాడు ముక్కకు అడగడమేమిటని సర్దుకున్నాను.

ఒంటిగంట దాటాక, మందడం ఎదురుగా సరంగు చుక్కాని పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఎంకటపాలెంలో ఆపటం కుదరదు! రేవు మునిగింది. కింద బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, లాగుడు సూడండి ఎట్టా ఉందో! ఇక్కడ ఒడ్డుకి పెడితే మళ్ళీ లాగలేను. ఉండవల్లి కొండ చాటున గట్టుకి కొడతా. తాడందుకునే మనుషులు అక్కడే ఉంటారు. అందరూ అక్కడే దిగాల!"

"ఉండవల్లిలో దిగితే నేనెట్టా పోతానయ్యా?" అన్నాడు నాగూర్ సాయిబు. "మధ్యలో కొండవీటి వాగుంది. దాని నీరు తీసేసరికి మూడు రోజులు. నారు ఎండుగడ్డయిపోద్ది."

"నేనేం చెయ్యను సాయిబూ! నీ నారు కోసం పడవ ముంచనా?"

"నాలుగు మొక్కల కోసం ముప్పై ప్రాణాలా?" అన్నాడు బ్రోకరు, అందరికీ వినపడేట్టు. చాలామంది తలలూపారు. నేనూ ఊపాను. నాకు నాలుగింటి పాసింజరు ఉంది.

నాగూర్ సాయిబు ఒడ్డు వైపు చూశాడు. నీళ్ళలో సగం మునిగిన రాతికట్ట మీద ఒక ఆడమనిషి, ఇద్దరు మగవాళ్ళు తాడు చుట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. "మా ఇంటిది" అన్నాడు. "పడవ ఆగదేమోనని అనుకుంటానే ఉంది. అందుకే బోదెల మీద కట్టుకు రమ్మంది. సరంగూ, ఆపొద్దు. రాతికట్టకి కాస్త దగ్గరగా పోనీ. అక్కడ నీళ్ళు ఒడ్డుకి తోస్తయ్. నేను బోదెలు పట్టుకుని దూకుతా."

ఆ మూడో కట్టు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. అది నారు మోయడానికి కాదు, మనిషిని మోయడానికి.

అతను లుంగీ ఎగగట్టాడు. వంగి బోదెల రెండు కొసలూ చేత్తో తడిమి చూశాడు. రెండు కట్లూ గట్టిగానే ఉన్నాయి. మధ్యది గోనెపట్టా కింద ఉంది, అక్కడ తడమలేదు. చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. తాడు విప్పి కట్టడానికి రెండు నిమిషాలు పట్టేది, రాతికట్ట ఇంకా ఫర్లాంగు దూరంలో ఉంది. కానీ బ్రోకరు నా పక్కనే కూర్చున్నాడు, గూడు కింది ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు, ఒక హైస్కూలు మాస్టారు నమాజు చేసుకుంటున్న ముసలివాడి తాడు దొంగిలించాడని తెలిస్తే ఎలా? రెండు కట్లు చాలని నాకు నేనే మళ్ళీ పాఠం చెప్పుకున్నాను. చెప్పలేదు.

సరంగు, నేను పొద్దున్నించీ తిట్టుకుంటున్న ఆ పొట్టి మనిషి, పడవను ఒరిపించి రాతికట్టకు ఇరవై గజాల దాకా తెచ్చాడు. అంతకంటే దగ్గరకు ఎవరూ తేలేరు. "ఇప్పుడు సాయిబూ!" అని అరిచాడు. నాగూర్ సాయిబు "బిస్మిల్లా" అని బోదెలను నీళ్ళలోకి తోసి, తనూ దూకి, వాటి మధ్యభాగం మీద రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు.

నాలుగైదు బారలు బాగానే పోయాయి. ఒడ్డువైపు మళ్ళే చోట నీళ్ళు అడ్డంగా కొట్టేసరికి బోదెలు మధ్యలో నోరు తెరిచాయి. ముందటి కట్టు జారిపోయింది. ఒక దుంగ అటు, ఒక దుంగ ఇటు. ఆయన ఆ రెంటి మధ్యలో మునిగాడు. గోనెపట్టా తేలింది, నారు కట్టలు నీళ్ళంతా పచ్చగా పరుచుకున్నాయి. మనిషి కనపడలేదు. గూడు కింద ఎవరో ఆవిడ కెవ్వుమంది. నేను లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు, ఈత కూడా రాదు.

రాతికట్ట మీది ఆడమనిషి నడుములోతు నీళ్ళలోకి దిగింది. మగవాళ్ళు తాడు విసిరారు. కొంత కిందుగా ఆయన తల పైకి లేచింది. ఒక దుంగను చంకలో ఇరికించుకుని ఉన్నాడు. తాడు దొరికింది. ముగ్గురూ కలిసి లాగారు. దుంగతో పాటు ఒడ్డుకు చేరిన నారు కట్టలు సగం కూడా లేవు. మిగతావన్నీ మా పడవ వెంట బ్యారేజీ వైపు వస్తున్నాయి.

అప్పుడు పడవలో వీరులు లేచారు. "ఇంకాస్త దగ్గరగా పోనిస్తే ఏం పోయింది నీకు?" అని ఒకడు సరంగును నిలదీశాడు. "మనిషి ప్రాణమంటే లెక్కలేదు వీళ్ళకి" అన్నాడు బ్రోకరు. పావుగంట క్రితం ముప్పై ప్రాణాల లెక్క చెప్పిన నోరే అది. సరంగు చుక్కాని తిప్పి పడవను మళ్ళీ నడినదికి మళ్ళించాడు. ఒడ్డు నుంచి నాగూర్ సాయిబు గొంతు గాలిలో వినపడింది.

"నీ తప్పేం లేదు సరంగూ! నా కట్టే వదులైంది! నా కట్టే!"

నారు కట్ట ఒకటి పడవను రాసుకుంటూ వచ్చింది. నేను వంగి గొడుగు వంకీతో దాన్ని అందుకున్నాను. ఇంకో రెండు కట్టల కోసం చాచాను, అందలేదు. గొడుగు మాత్రం ఎంత ఊపినా చెక్కుచెదరలేదు.

రెండూ పదికి ఉండవల్లి కొండ చాటున గట్టుకు తగిలాం. ఆ నారు కట్ట ఎవరి చేతనైనా వెంకటపాలెం పంపుదామని గట్టు మీది మనుషులను అడిగాను. వాళ్ళు వాగు వైపు చూపించి నవ్వారు. అక్కడి నుంచి బురదలో స్టేషనుకు నడక. దారిలో ఒక్క టీ, అందులో పాల జాడ లేదు. ఎవరినీ తిట్టుకోవాలనిపించలేదు, తాగేశాను. పాసింజరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అంత తొందరపడ్డ రైలు అది.

మంగళగిరిలో ఒక నేత పనాయన చీరల మూటతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. నా ఒళ్ళో తలలు తెగిన నారు, పక్కన గొడుగు. ఆయన చూపు గొడుగు మీద పడింది. నూలుతో బతికే మనిషి కదా, కట్టును వేలితో మీటి చూశాడు.

"బాగా బిగించారండీ. మీరే కట్టారా?"

"అవును."

"పురికొస మంచిది. ఎంత గాలొచ్చినా ఇంక వదలదండీ."

నంబూరు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మిరప చేలు, పత్తి చేలు, అన్నింటిలోనూ మోకాలిలోతు నీళ్ళు. తరవాత తాడు విప్పి నారు కట్టను దానితో చుట్టాను. గుంటూరు స్టేషనులో దిగేసరికి జోరుగా వాన. గొడుగు తెరిస్తే ఊచలు వేలాడాయి. మూసేసి తడుస్తూ నడిచాను. దారిలో ఒక ఎరిగిన మనిషి ఎదురై వరద ఎలా ఉందని అడిగాడు. అమరావతిలో నీళ్ళు ఎన్ని మెట్లెక్కాయో చెప్పాను.

ఆ నారు పెరట్లో నాటాను. నాలుగో రోజున పక్కన చిగురేసింది.

ఇది చదివి ఆ వైపు వెళ్ళాలనుకునేవారికి: అమరావతి బస్సు ఏడూ పదికే, వానాకాలంలో లాం దగ్గర వాగును చూసుకుని వెళ్ళండి. హోటలాయనతో పైసల్లోనే మాట్లాడండి. పడవలో మిరప ఘాటుకు ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డ తీసుకెళ్ళండి. ఆ సరంగును నమ్మవచ్చు. వాగు ఎప్పుడో తీసింది, బస్సులు తిరుగుతున్నాయి, వెంకటపాలెం ఇక్కడికి ఒక పూట ప్రయాణం. నేను ఇంతవరకు వెళ్ళలేదు. మీరు వెళితే రాతికట్ట దగ్గర నాగూర్ సాయిబు గారి ఇల్లెక్కడని అడగండి. ఆయన మూడు కట్లు వేశారనీ, మూడూ గట్టివేననీ చెప్పండి. మధ్యది నేను విప్పానని చెప్పండి.